అట్లాంటాలో ఒక వీధి, ఆ వీధి చివర చెరసాల

అమెరికా దేశపు దక్షిణ భాగంలో, జార్జియా రాష్ట్రానికి ముఖ్యపట్టణమైన అట్లాంటాలో బూలెవార్డ్ అనే పొడవైన వీధి ఒకటి ఉన్నది. ఆ ఊరు చూడబోయిన మనవాళ్ళు సామాన్యంగా దానిలో ఒక్క కూడలి మాత్రమే చూచి తిరిగి వస్తారు. ఆబర్న్ వీధి దానిని దాటే చోటు అది. ఆ దగ్గరలోనే 1929లో మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ పుట్టిన ఇల్లున్నది. ఇంకొంచెం నడిస్తే ఆయనా, ఆయన తండ్రీ వాక్యం చెప్పిన ఎబెనేజర్ బాప్టిస్టు దేవాలయం. మేమూ అక్కడికి వెళ్ళాము, ఫోటోలు తీయించుకున్నాము. ఆ సంగతులు చాలామంది వ్రాశారు గనుక మేము మళ్ళీ వ్రాయనక్కరలేదు. మేము చెప్పదలచినది అదే వీధి దక్షిణపు కొసను గూర్చి.

ఆ కూడలి నుండి దక్షిణంగా కారులో పోతే ముందు రైలు పట్టాలు వస్తాయి. ఆ తరువాత కుడిచేతి ప్రక్కన ఓక్లాండ్ సమాధుల తోట, దాని ఇటుక గోడ. పెద్ద రహదారి ఒకటి దాటిన తరువాత మళ్ళీ కుడి ప్రక్కనే గ్రాంట్ పార్కు, అందులో జంతు ప్రదర్శనశాల. బడి పిల్లల బస్సులు అక్కడ బారులు తీరి ఉన్నాయి. ఆ పిల్లల కేకలు ఇంకా చెవిలో ఉండగానే, చెక్క ఇండ్ల మధ్యగా పోయి పోయి వీధి హఠాత్తుగా ఆగిపోతుంది. అడ్డంగా మెక్‌డొనా రోడ్డు. దానికి అవతల పచ్చిక, పచ్చిక వెనుక రాతితో కట్టిన బ్రహ్మాండమైన భవనం, దానికి రెండు ప్రక్కల గోడలు, కాపలా బురుజులు, ముళ్ళ కంచెలు. ఆబర్న్ కూడలి నుండి ఇక్కడికి దాదాపు మూడు మైళ్ళు. కింగ్ గారి ఇంటి ముందు ఎక్కడెక్కడినుండో వచ్చిన యాత్రికులు వరుసలో నిలబడి ఉంటారు. ఇక్కడ కూడా వరుస ఉన్నది, కాని ఎవరి చేతిలోనూ కెమెరా లేదు.

ఇది కేంద్ర ప్రభుత్వపు చెరసాల. మన దేశంలో రాజమండ్రి జైలైనా, చర్లపల్లి జైలైనా రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉంటుంది గనుక ఈ మాట మనకు కొత్త. అమెరికాలో చట్టాలు రెండు రకాలు, కోర్టులు రెండు రకాలు, జైళ్ళూ రెండు రకాలే. దొంగతనం, కొట్లాట, హత్య వంటివి సామాన్యంగా రాష్ట్ర కోర్టుకు పోతాయి. దొంగనోట్లు, తపాలా ద్వారానో ఫోను ద్వారానో చేసిన మోసాలు, రాష్ట్రాలు దాటిన మత్తుమందుల వ్యాపారం, వీసా కాగితాల మోసాలు కేంద్ర కోర్టుకు పోతాయి. కేంద్ర కోర్టు శిక్ష వేసినవానిని దేశంలో ఏ మూలనున్న జైలుకైనా పంపవచ్చును. 1987 నవంబరు 1 తరువాత చేసిన నేరాలకు అక్కడ పెరోలు లేదు. మంచి నడవడి ఉంటే ఏడాదికి 54 రోజుల వరకు తగ్గిస్తారు.

ఇటువంటి జైళ్ళు మూడు కావాలని 1891లో అక్కడి కాంగ్రెసు చట్టం చేసింది. వాటిలో ఒకటి ఈ అట్లాంటా జైలు, 1902లో తెరిచారు. తపాలా సంచులకు కావలసిన ముతక గుడ్డ నేసే మిల్లు ఒకటి ఒకప్పుడు దీని లోపల నడిచింది. పేరున్నవారు కూడా ఇందులో ఉన్నారు. యుద్ధానికి వ్యతిరేకంగా ప్రసంగించినందుకు పదేండ్ల శిక్ష పడిన యూజీన్ డెబ్స్ ఈ గోడల లోపల నుండే 1920లో దేశాధ్యక్ష పదవికి పోటీ చేసి తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. 1921 క్రిస్మస్ రోజున ఆయనను విడిచిపెట్టారు. నల్లజాతివారి నాయకుడు మార్కస్ గార్వీ 1925 నుండి 1927 వరకు ఇక్కడే ఉన్నాడు. ఆయన లోపల ఉండగా ఆయన భార్య ఏమీ జాక్వెస్ గార్వీ బయట ఆయన రచనలను పుస్తకంగా అచ్చువేయించి, ఊరూరూ తిరిగి, విడుదల కోసం పాటుపడింది. ఆ మాట ఇక్కడ చెప్పడానికి కారణమున్నది. ఈ జైలు చరిత్ర చదువుతుంటే లోపలివారికంటే బయట నిలబడినవారే మా కంటికి ఎక్కువగా కనబడ్డారు.

పెద్దపేరున్నవారి సంగతి అటుంచితే, లా పుస్తకాలలో ఈ జైలు పేరు నిలిచిపోయింది ఒక అనామకుని మూలంగా. అతని పేరు జాన్సన్. సముద్ర సైనిక దళంలో ఉద్యోగి. 1934 నవంబరులో సెలవు మీద ఉండగా దక్షిణ కరోలినా రాష్ట్రంలోని చార్ల్‌స్టన్ పట్టణంలో, దొంగ ఇరవై డాలర్ల నోట్లు మార్చారని అతనినీ, అతని స్నేహితునీ పట్టుకున్నారు. జామీను కట్టే స్తోమత లేక రెండు నెలలు అక్కడి జైలులోనే ఉన్నారు. 1935 జనవరి 23న వారిని కోర్టుకు తెచ్చి, మీ మీద మోపిన నేరం ఇది అని చదివి వినిపించారు. ఆ రోజే విచారణ, ఆ రోజే తీర్పు, ఆ రోజే నాలుగున్నర సంవత్సరాల శిక్ష. వారికి లాయరు లేడు. ఆ ఊరిలో చుట్టాలు లేరు, తెలిసినవారు లేరు, చేతిలో డబ్బు లేదు, చదువూ అంతంత మాత్రమే.

రెండు రోజులకు వారిని ఈ అట్లాంటా జైలుకు తీసికొనివచ్చారు. కొత్తగా వచ్చినవారిని కొన్నాళ్ళు విడిగా ఉంచడం అప్పటి ఆచారం. పదహారు రోజులు జైలు అధికారులతో తప్ప ఎవరితోనూ మాట్లాడనివ్వలేదు. ఆ కాలపు నిబంధన ప్రకారం మళ్ళీ విచారణ కోరడానికి మూడు రోజులు, అప్పీలుకు ఐదు రోజులు గడువు. అంటే బయటి మనిషి ముఖం చూచేసరికే వారికి అన్ని తలుపులూ మూసికొని పోయాయి. మే నెలలో అప్పీలు పెట్టుకుంటే ఆలస్యమైందన్నారు. అప్పుడు జాన్సన్ ఇంకొక దారి పట్టాడు. తనను అన్యాయంగా బంధించారని ఈ జైలు అధికారి జెర్బ్‌స్ట్ మీద అట్లాంటా కోర్టులోనే హెబియస్ కార్పస్ పిటిషను వేశాడు. అక్కడ ఓడిపోయాడు, పై కోర్టులోనూ ఓడిపోయాడు, చివరికి సుప్రీంకోర్టుకు పోయాడు. 1938 మే 23న జస్టిస్ హ్యూగో బ్లాక్ తీర్పు వ్రాశారు. కేంద్ర కోర్టులో నేరం మోపబడినవానికి లాయరు ఉండాలి, లేదా తనకు వద్దని అతడు తెలిసి, ఆలోచించి చెప్పి ఉండాలి. ఈ రెండూ లేకపోతే అతనికి శిక్ష వేసే అధికారమే ఆ కోర్టుకు ఉండదు. కేసును మళ్ళీ పరిశీలించమని క్రింది కోర్టుకు పంపారు.

మనిషికి లాయరు సహాయం ఉండాలన్న మాట 1791 నుండి ఆ దేశ రాజ్యాంగంలో ఉన్నదే. కాని డబ్బు లేనివానికి ప్రభుత్వమే లాయరును ఏర్పాటు చేయాలని కేంద్ర కోర్టులన్నిటికీ కట్టుబాటు అయినది ఈ గోడల లోపల నుండి బయలుదేరిన కాగితం వలననే. రాష్ట్ర కోర్టులలో పెద్ద నేరాలకు అదే హక్కు రావడానికి ఇంకా పాతికేండ్లు పట్టింది, అది 1963 నాటి గిడియన్ కేసు. మరొక చిత్రం ఏమిటంటే, 1938 తీర్పు తరువాత కూడా కోర్టు నియమించిన లాయర్లు జీతం లేకుండానే పనిచేశారు. 1964లో చట్టం చేసిన తరువాతనే వారికి ప్రభుత్వం రుసుము ఇవ్వసాగింది. ఇప్పుడు ఆ పనికే ప్రత్యేకించిన ఫెడరల్ డిఫెండర్ కార్యాలయాలున్నాయి. అట్లాంటా నగరంలోనూ ఒకటి ఉన్నది. ఉచితంగా వచ్చే లాయరు పనికిరానివాడని మన ఊళ్ళలో ఒక అభిప్రాయం ఉన్నది. అక్కడ మేము విన్నంతలో అది సరికాదు. రోజూ అవే కోర్టులలో, అదే పని చేసేవారు గనుక అనుభవం వారికే ఎక్కువ.

ఇంతవరకు వినడానికి బాగానే ఉన్నది. చిక్కు ఎక్కడంటే, ఈ సహాయం శిక్ష పడేవరకు, ఆ పైన మొదటి అప్పీలు వరకు మాత్రమే. తీర్పు వచ్చిన 14 రోజులలో అప్పీలు నోటీసు వేయాలి. అది ముగిసిన తరువాత, లాయరు సరిగా పనిచేయలేదనో, రాజ్యాంగానికి విరుద్ధంగా జరిగిందనో చెప్పుకోవడానికి శిక్ష వేసిన కోర్టులోనే ఇంకొక పిటిషను వేయవచ్చును. దానికి 1996 చట్టం ఒక సంవత్సరం గడువు పెట్టింది. ఆ పిటిషనుకు లాయరును పొందే రాజ్యాంగపు హక్కు ఎవరికీ లేదు. కోర్టు దయతలచి నియమిస్తే నియమిస్తుంది. లేకుంటే ఖైదీయే జైలులోని లా లైబ్రరీలో కూర్చుని వ్రాసికోవాలి, లేదా చదువు తెలిసిన తోటి ఖైదీ చేత వ్రాయించుకోవాలి. ఒక ఖైదీ ఇంకొక ఖైదీకి ఇలా సహాయం చేయడాన్ని, దానికి బదులు వేరే ఏర్పాటు చూపకుండా, జైలువారు నిషేధించకూడదని 1969లో సుప్రీంకోర్టు చెప్పింది. అటువంటి వారిని అక్కడ జైలు లాయర్లు అంటారు. వారిలో నిజంగా తెలివైనవారున్నారు, తోటివారిని ముంచినవారూ ఉన్నారు. ఖైదీ కాగితాన్ని జైలు అధికారుల చేతికిచ్చిన రోజే కోర్టులో వేసినట్లు లెక్క అని 1988లో ఇంకొక తీర్పు వచ్చింది. తపాలా పెట్టె దగ్గరకు తానే నడిచి వెళ్ళలేని మనిషికి ఆ చిన్న మాట ఎంత పెద్దదో చూడండి.

జైలు లోపలి ఇబ్బందులకు వేరే మెట్లున్నాయి. వైద్యం అందలేదనుకోండి, ముందు అక్కడి ఉద్యోగితో మాట్లాడాలి, ఆ పైన జైలు అధికారికి ఫారం ఇవ్వాలి, తరువాత ప్రాంతీయ కార్యాలయం, చివరికి వాషింగ్టన్ కార్యాలయం. ప్రతి మెట్టుకూ గడువున్నది. మెట్లన్నీ ఎక్కకుండా కోర్టుకు పోతే సామాన్యంగా కేసు కొట్టివేస్తారు. ఈ అట్లాంటా జైలు పరిస్థితి మీద 2022 జూలైలో సెనేటు ఉపసంఘం ఒకటి బహిరంగ విచారణ జరిపింది. ఆత్మహత్యలు, మత్తుమందులు, పాడైన కట్టడాలు, ఏండ్ల తరబడి పట్టించుకొనని అధికారులు, ఇవన్నీ అక్కడ పనిచేసినవారే వచ్చి చెప్పారు. ఎదుట కనిపించే పచ్చిక మాత్రం చక్కగా కత్తిరించి ఉన్నది.

మేము వెళ్ళినది ఒక వారాంతపు ఉదయం. లోపలికి పోవడానికి మాకు అనుమతి లేదు. ఖైదీ ముందుగా ఇచ్చిన జాబితాలో పేరుండి, జైలువారు ఒప్పుకొన్నవారే పోవాలి. మమ్మును కారులో తీసికొని వెళ్ళినది మా అమ్మాయి వెళ్ళే సంఘంలోని ఒక నల్లజాతి పెద్దామె. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నది. దూరప్రాంతాలనుండి బస్సులో దిగే తల్లులను, పిల్లలను ఈమె అప్పుడప్పుడు జైళ్ళ దగ్గర దించి వస్తుంటుంది. ఖాకీ రంగు బట్టలు వేసికొనివస్తే ఖైదీల దుస్తులను పోలి ఉన్నాయని వెనక్కి పంపుతారనీ, వెయ్యి మైళ్ళు వచ్చి అలా తిరిగిపోయినవారిని చూచాననీ చెప్పింది. అందుకని తన కారు వెనుక డబ్బాలో రెండు మూడు సైజుల గౌనులు ఎప్పుడూ పెట్టుకొని ఉంటుంది! న్యాయ సహాయమంటే లాయరు నల్లకోటే మనకు గుర్తుకు వస్తుంది. ఆ గౌనులు కూడా అందులోనివేనని మాకు తోచింది. 2018 డిసెంబరులో వచ్చిన ఫస్ట్ స్టెప్ చట్టం ప్రకారం వీలైనంతవరకు ఖైదీని ఇంటికి 500 మైళ్ళ లోపు ఉన్న జైలులోనే ఉంచాలి. 500 మైళ్ళంటే విశాఖపట్నం నుండి చెన్నై పోయినంత దూరం. దానినే వారు దగ్గర అంటారు.

ఇక్కడే, ఈ మెక్‌డొనా రోడ్డు ప్రక్కనే, కొందరు స్త్రీలు ఏండ్ల తరబడి నిలబడిన చరిత్ర ఒకటి ఉన్నది. అది కొంచెం వివరంగా చెప్పాలి.

1980లో క్యూబా దేశపు మరియెల్ రేవు నుండి పడవలలో సుమారు 1,25,000 మంది అమెరికాకు వచ్చారు. వారిలో కొద్దిమంది క్యూబాలోనే జైలులో ఉండినవారు. మరికొందరు అమెరికాకు వచ్చిన తరువాత నేరాలు చేసినవారు. వీరిని తిరిగి తీసికొనడానికి క్యూబా ఒప్పుకొనలేదు. అమెరికా బయట వదలలేదు. భూమి మీద కాలు పెట్టినా చట్టం దృష్టిలో వీరు దేశంలోనికి ప్రవేశించనట్లే లెక్క గనుక, చేసిన నేరానికి శిక్ష ముగించినవారిని కూడా తీసికొనివచ్చి ఈ జైలులో పెట్టారు. ఎన్నాళ్ళు? ఆ ప్రశ్నకు జవాబు లేదు. హంతకునికైనా విడుదల తేదీ ఒకటి ఉంటుంది, వీరికి తేదీయే లేదు.

అట్లాంటా లీగల్ ఎయిడ్ సొసైటీ లాయర్లు వీరి పక్షాన కోర్టుకు పోయారు. జడ్జి మార్విన్ షూబ్ వారి మొర విని, ఒక్కొక్కరి సంగతి విడివిడిగా విచారించాలని తీర్పులిచ్చారు. పై కోర్టు వాటిని కొట్టివేసింది. మళ్ళీ వేయడం, మళ్ళీ పోవడం. బయట భార్యలు, తల్లులు, వారితో కలిసిన సంఘాలవారు గోడ ఎదుట నిలబడి వీరి సంగతి జనం మరచిపోకుండా చూచారు.

1987 నవంబరు 20న ఒక ప్రకటన వచ్చింది. సుమారు 2,500 మందిని తిరిగి తీసికొనడానికి క్యూబా ఒప్పుకొన్నదని. ఎవరెవరిని పంపుతారో ఎవరికీ తెలియదు. మరునాడు లూసియానాలోని ఓక్‌డేల్ నిర్బంధ కేంద్రంలో తిరుగుబాటు. 23వ తేదీన అట్లాంటాలో. అప్పుడు ఇక్కడ దాదాపు 1,400 మంది క్యూబా వారున్నారు. భవనాలు తగులబెట్టారు, ఉద్యోగులను బందీలుగా పట్టుకొన్నారు. ఒక ఖైదీ చనిపోయాడు. పదకొండు రోజులు! లోపల చిక్కుకొన్న ఉద్యోగుల భార్యాబిడ్డలు ఒకవైపు, ఖైదీల భార్యాబిడ్డలు ఒకవైపు, ఇద్దరూ ఈ ఒక్క గోడ వైపే చూస్తూ గడిపారు. నిప్పు పెట్టడం, మనుషులను పట్టి ఉంచడం తప్పు. ఆ మాట దాచనక్కరలేదు. అయితే ఏడేండ్లుగా కాగితం మీద అడిగిన దానినే వారు అప్పుడు కూడా అడిగారు. మమ్మును ఒక్కొక్కరిగా వినండి అని.

ప్రభుత్వం మాట వారు నమ్మలేదు. తమ జాతివాడైన అగస్టీన్ రోమాన్ అనే మయామీ సహాయ బిషప్పు వచ్చి చెబితే నమ్ముతామన్నారు. ఆయనను 1961లో క్యూబా ప్రభుత్వం దేశం నుండి వెళ్ళగొట్టింది. అటువంటి మనిషి గనుక పరదేశమంటే ఏమిటో వారికి చెప్పనక్కరలేదు. మొదట ఓక్‌డేల్, తరువాత అట్లాంటా, రెండు చోట్లా ఆయన మాట మీదనే ఆయుధాలు క్రింద పెట్టారు. డిసెంబరు 4న తెల్లవారక ముందే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అందులో ముఖ్యమైన షరతు ప్రతి ఒక్కరి కేసూ విడిగా పరిశీలించాలన్నదే. మనం ప్రొటెస్టెంటులం, ఆయన రోమను కథోలిక్కు. అయినా ఈ గోడ ఎదుట నిలబడి ఆయన పేరు తలంచుకోకుండా ఉండలేకపోయాము. ఆయన 2012లో మరణించారు.

ఆ పరిశీలనలలో ఎంతోమంది విడుదలయ్యారు, కొందరిని క్యూబాకు పంపారు. చట్టం మాత్రం తేలలేదు. మరియెల్ నుండి వచ్చిన వారిని అలా అంతు లేకుండా బంధించి ఉంచడానికి చట్టంలో అధికారం లేదని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2005 జనవరి వచ్చింది. పడవలు వచ్చి అప్పటికి పాతికేండ్లు.

ఇంతకూ మేము ఈ వీధి చివరికి ఎందుకు పోయామో చెప్పాలి. మా ప్రాంతంలో ఒక కుటుంబం ఉన్నది. ఊరు, పేరు చెప్పము. రెండెకరాల పొగాకు భూమి. అప్పు చేసి కుమారుణ్ణి పై చదువుకు అమెరికా పంపారు. అక్కడ కొందరు ఫోను మీద వృద్ధులను బెదిరించి డబ్బు గుంజే ముఠాతో కలిసి, ఆ డబ్బు పొట్లాలు ఇంటింటా తెచ్చి చేరవేసే పనిలో ఈ అబ్బాయి దిగాడు. పట్టుబడ్డాడు, నేరం ఒప్పుకొన్నాడు, నాలుగేండ్ల పైన శిక్ష పడింది. అట్లాంటాలో కాదు, ఇంకొక రాష్ట్రపు కేంద్ర జైలులో ఉన్నాడు. డబ్బు పోగొట్టుకొన్న ఆ ముసలివాళ్ళ ఉసురు సంగతి వాని తల్లే మాతో అన్నది. వాడు నిర్దోషి అని ఆ ఇంట్లో ఎవరూ అనరు.

మేము అమ్మాయి దగ్గరకు బయలుదేరుతున్నామని తెలిసి తండ్రి వచ్చాడు. పట్నంలో ఒకాయన ఆరు లక్షలిస్తే శిక్ష సగానికి తగ్గించి పిల్లవాణ్ణి ఇంటికి రప్పిస్తానన్నాడట. ఎకరం అమ్మకానికి పెట్టాడు. "అయ్యగారూ, అక్కడ ఎవరినైనా అడిగి ఒక్క మాట చెప్పండి. మీరు వచ్చేదాకా బయానా తీసికోను," అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే మేము ఆ పెద్దామెను, ఆమె ద్వారా ఒక రిటైరైన లాయరును కలిసికొన్నాము.

ఆ లాయరు మొట్టమొదట అడిగినది, డబ్బు తీసికొనేవాడు లాయరేనా అని. అక్కడ ప్రతి రాష్ట్రంలోనూ లాయర్ల పట్టీ ఉంటుంది, పేరు పెట్టి ఎవరైనా చూడవచ్చును. మా వాని సంగతి చూస్తే ఏ పట్టీలోనూ ఆ పేరు లేదు. రెండవది, ఫలితం ముందుగా మాట ఇచ్చే లాయరును నమ్మవద్దన్నాడు. మూడవది, నేరం ఒప్పుకొన్నప్పుడు వ్రాసికొన్న ఒప్పందంలో అప్పీలు హక్కు వదులుకొన్నాడేమో చూడాలి. అక్కడి కేంద్ర కోర్టులలో నూటికి తొంభైమందికి పైగా విచారణ లేకుండా నేరం ఒప్పుకొంటారు, చాలా ఒప్పందాలలో ఆ షరతు ఉంటుంది. నాలుగవది, పరదేశస్థుడైతే, నేరం ఒప్పుకొంటే దేశం నుండి పంపివేస్తారన్న సంగతి లాయరు ముందే చెప్పి ఉండాలి. అలా చెప్పడం లాయరు విధి అని 2010లో పాడియా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చేసింది. చెప్పకపోతే అదొక కారణం కావచ్చును. అయితే సంవత్సరం గడువు లోపలే.

అబ్బాయి ఉత్తరం వ్రాసి తన పాత లాయరు నుండి ఫైలు తెప్పించుకొన్నాడు. అన్నీ అతనికి చెప్పారు, కాగితం మీద సంతకమూ ఉన్నది. అంటే పిటిషను వేసినా నిలిచేది కాదు. ఆ జవాబు తీసికొనివెళ్ళి ఆ తండ్రికి చెప్పడం మాకు కష్టమే అయింది. కాని ఎకరం అమ్మలేదు.

ఇది ఒక్క ఇంటి కథ అనుకోవద్దు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో ప్రభుత్వమే నడిపిన బూటకపు విద్యాలయంలో చేరి వందమందికి పైగా విద్యార్థులు పట్టుబడినప్పుడు వారిలో మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. అప్పుడు అక్కడి తెలుగు సంఘాలు లాయర్లను ఏర్పాటు చేశాయి, వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం రాత్రింబగళ్ళు పనిచేసే ఫోను పెట్టింది. ఆ గందరగోళంలో చాలామందికి తెలియని తేడా ఒకటి ఉన్నది. విద్యార్థులను వలస చట్టం క్రింద నిర్బంధించారు. అది క్రిమినల్ కేసు కాదు, అందుకని అక్కడ లాయరును మన ఖర్చు మీదనే పెట్టుకోవాలి. విద్యార్థులను చేర్పించిన ఎనిమిదిమంది మీద మాత్రం కేంద్ర క్రిమినల్ కేసు పెట్టారు. అటువంటి కేసులో స్తోమత లేనివారికి కోర్టే లాయరును ఇస్తుంది, ఇంగ్లీషు రానివారికి 1978 చట్టం ప్రకారం దుబాసీని కూడా ఇస్తుంది. పట్టుబడిన పిల్లల తల్లిదండ్రులు మొదట అడగవలసిన ప్రశ్న ఇదే, ఏ చట్టం క్రింద పట్టుకొన్నారు అని.

అట్లాంటాలో 2012 నుండి మన కాన్సులేటు ఉన్నది. పరదేశస్థుణ్ణి బంధించినప్పుడు, నీ దేశపు కాన్సులేటుకు తెలియజేయమంటావా అని అతనిని అడగాలని 1963 వియన్నా ఒడంబడిక చెబుతుంది. సిగ్గుచేత వద్దనేవారే ఎక్కువట. వద్దనకూడదు. కాన్సులేటు లాయరు కాదు, కేసు గెలిపించదు. కాని వచ్చి చూస్తుంది, ఇంటికి కబురు చేస్తుంది, లాయర్ల జాబితా ఇస్తుంది, తగినవారికి 2009లో పెట్టిన సంక్షేమ నిధి నుండి కొంత సహాయమూ చేయగలదు. ఖైదీ కాన్సులేటుకు వ్రాసే ఉత్తరం మూసి ఇవ్వవచ్చును, జైలువారు విప్పి చదవరు. ఇంటికి వ్రాసేవి, ఇంటినుండి వచ్చేవి మాత్రం చదువుతారు. శిక్షలో మిగిలిన భాగం స్వదేశపు జైలులో గడపడానికి కూడా దారి ఉన్నది, ఖైదీయే దరఖాస్తు పెట్టుకోవాలి, రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి, కనీసం ఆరు నెలల శిక్ష మిగిలి ఉండాలి. ఆ అబ్బాయి ఇప్పుడు అదే పెట్టుకొన్నాడు. జవాబు రాలేదు.

మేము తిరిగి వచ్చిన తరువాత ఒక ఆదివారం ఆరాధన ముగిసినాక ఆ తండ్రి కవరు తీసికొని మా ఇంటికి వచ్చాడు. ఆయనకు తెలుగు తప్ప రాదు. అక్కడ మనిషిని ముందు ఎనిమిది అంకెల నంబరుతోనే పోలుస్తారని, అది లేకుండా ఉత్తరం చేరదని మేము చెప్పగా, ఆ అంకెలను వేరే కాగితం మీద పదిసార్లు దిద్ది అలవాటు చేసికొన్నాడట. కళ్ళజోడు సరిచేసికొని, మా బల్ల మీద కవరు పెట్టి, ఒక్కొక్క అంకే పైకి చదువుకొంటూ నెమ్మదిగా వ్రాశాడు. ఎనిమిదీ వ్రాసినాక క్రింద కుమారుని పేరు వ్రాయమని కలము మా చేతికిచ్చాడు.